కాగితం వెనక వైపు

"నిర్లక్ష్యం ముందు 'తీవ్రమైన' అని రాయనా, 'ఘోరమైన' అని రాయనా?" అన్నాడు భర్త, కలం పైకెత్తి పట్టుకుని.

పెద్ద సిస్టర్ గిన్నెలో జావ కలుపుతోంది. తల ఎత్తలేదు.

"ఏదో ఒకటి రాయండి."

అంతే, ఆడపడుచు ఒంటికాలి మీద లేచింది. "ఏదో ఒకటేంటమ్మాయ్? మా అమ్మ నోరు విప్పి పదిరోజులైంది. నుదుటి మీద ఏడు కుట్లు, చేతికి కట్టు. ఇదంతా నీకు ఏదో ఒకటిలా ఉందా?"

"అక్కా, ఊరుకో."

"నేనెందుకూరుకుంటానురా? ఊరంతా పెద్ద సిస్టర్, పెద్ద సిస్టర్ అని నెత్తిన పెట్టుకుంటారు. తీరా సొంత అత్తగారి దగ్గరికొచ్చేసరికి..."

మాట సగంలో వదిలేయడం ఆమెకు అలవాటు. మిగతా సగం వినేవాళ్లే పూర్తిచేసుకుని బాధపడాలి. పెద్ద సిస్టర్ పూర్తిచేసుకోలేదు, బాధా పడలేదు. ఈ పదిరోజుల్లో ఆమెకు ఏదీ తగలడం లేదు. మడతపెట్టి కూర్చున్న కాలు తిమ్మిరెక్కినట్టు లోపలంతా మొద్దుబారిపోయింది. కాలయితే కాసేపటికి చురుక్కుమంటుంది. దీనికి అదీ లేదు.

హాల్లో, గోడగడియారం కింద, అత్తగారి మంచం. ఆ గడియారం కోడలికి వచ్చిన బహుమతే. పెద్దవాళ్లని చూసుకునే ఏడు హోముల సిబ్బంది నెలకోసారి కలుస్తారు. ఆ సంఘం పోయినేడాది 'అందరికీ పనికొచ్చిన పద్ధతి' అని చప్పట్లు కొట్టి మరీ ఇచ్చింది. దాని కింద ఆవిడ కళ్లు తెరుచుకునే పడుకుని ఉంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. పేపరొస్తే వార్తలకన్నా ముందు తప్పులు చదివేది. మోకాలి ఆపరేషన్ అయ్యాక పగలు ఇంట్లో చూసుకునేవాళ్లు లేక మూడు వారాలకని ఒక హోములో ఉంచారు. కోడలు నర్సుగా పనిచేసే హోములో సిబ్బంది బంధువుల్ని తీసుకోరు. అందుకని పిచ్చుక ఉన్న హోములో చేర్పించారు. పిచ్చుక పెద్ద సిస్టర్ దగ్గర పని నేర్చుకున్న ఆయా. గుప్పెడంత మనిషి, ఒకచోట నిలవదు, అందుకే ఆ పేరు.

పన్నెండో రోజు పొద్దున్న అత్తగారు బాత్రూము గుమ్మంలో పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, "ఈ బీపీ మాత్ర రోజంతా కొద్దికొద్దిగా కరగాలి. దీన్ని పొడి చేసిందెవరు?" ఆ పొద్దున గొంతు దిగక ఇబ్బందిగా ఉందంటే పిచ్చుక మాత్రలన్నీ నూరి జావలో కలిపి ఇచ్చింది. రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగి, బీపీ పడిపోయి, ఆవిడా పడిపోయింది.

"ఈ మాత్ర పొడి చెయ్యకూడదన్న సంగతి ఆయాలందరికీ తెలిసేదేనా?" అని అడిగాడు భర్త.

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఏదైనా పడిందంటే ఎక్కడో బోల్టు వదులై ఉంటుందని ఆయన నమ్మకం. ఆ బోల్టు దొరికేదాకా నిద్రపోడు. ఇప్పుడు దొరికింది. దాని పేరు పిచ్చుక.

"తెలియాలి," అంది పెద్ద సిస్టర్.

"నేర్పుతారా?"

"నేర్పుతాం."

"ఆ పిల్లకి నువ్వే నేర్పావా?"

ఆమె చెంచా ఆపింది. మళ్లీ కలిపింది. మాత్రలు పొడి చేసే పద్ధతి రాసింది ఆమే. గడియారం వచ్చింది అందుకే. కానీ ఏవి పొడి చేయకూడదో కూడా రాసింది. కాగితం వెనక వైపు, ఎర్ర సిరాతో. ఆ ఎర్ర సిరా గుర్తొచ్చినప్పుడల్లా కాస్త ఊపిరాడేది.

"రాసిచ్చాను," అంది.

"చూశావా! రాసిచ్చినా చదవలేదు." ఆయన 'ఘోరమైన' అని రాసుకున్నాడు. "సోమవారం పొద్దున్నే ఈ ఫిర్యాదు హోమువాళ్లకి ఇచ్చేస్తా. కింద సాక్షిగా నువ్వూ సంతకం పెట్టు. పెద్ద సిస్టర్ సంతకం ఉంటే ఇక తిరుగుండదు."

"మీటింగుంది. వచ్చాక పెడతాను."

"ఈ పరిస్థితిలో కూడా మీటింగా?" అంది ఆడపడుచు.

"ఇవాళ దీని గురించే వదినా," అంది పెద్ద సిస్టర్. అత్తగారి నోటికి చెంచా అందించింది. ఆవిడ కోడలి మొహంలోకే చూస్తూ మింగింది. స్కానింగులో ఏమీ లేదన్నారు, భయంతో మాట పడిపోయి ఉంటుందన్నారు. కానీ ఆ చూపు భయపడ్డ మనిషి చూపులా లేదు. తప్పు దొరికేదాకా పేజీ తిప్పని మనిషి చూపులా ఉంది.

*

నెల మొదటి శనివారం మూడింటికి, నడక నేర్పే గదిలో, గోడల పొడుగునా ఉన్న కమ్మీల మధ్య కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఒక్కొక్కరే లేచి రెండు సంగతులు చెప్పాలి. పనిచేసిందొకటి, బెడిసికొట్టిందొకటి. ఎవరు చేశారని అడగకూడదు, ఎలా జరిగిందని మాత్రమే అడగాలి. ఆ నియమం పెట్టింది పెద్ద సిస్టరే.

ముందు మీసాలాయన లేచాడు. ఆయన మగవాళ్ల వార్డు చూస్తాడు.

"మా దగ్గరొక తాతగారు నెలరోజులుగా సగం తిండి వదిలేస్తున్నాడు. ఆకలి లేదేమో అనుకున్నాం. చూస్తే తెల్ల పళ్లెంలో తెల్లన్నం ఆయన కంటికి ఆనడం లేదు. నీలం పళ్లెం పెట్టాం. మొత్తం తిని, ఇన్నాళ్లూ నన్ను పస్తులు పెట్టారేంట్రా అని నన్నే తిట్టాడు."

అందరూ నవ్వారు. పెద్ద సిస్టర్ నీలం పళ్లెం అని పుస్తకంలో రాసుకుంది. నవ్వాల్సిన చోట మొహం నవ్వింది కూడా.

వ్యాయామం చేయించే మేడమ్ ఏదో పరిశోధన కాగితం తెచ్చి చదివింది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజుకి ఇన్నిసార్లు చేయిస్తే పడిపోవడాలు తగ్గాయట. "మా వాళ్లతో చేయించాను. పదిమందిలో ఆరుగురు బాగున్నారు. ఇద్దరు నన్ను చూస్తే నిద్ర నటిస్తున్నారు," అంది.

తర్వాత పిచ్చుక లేచింది. ఎప్పుడూ గలగలమనే పిల్ల, చేతిలో ప్లాస్టిక్ సంచీ నలుపుతూ నిలబడింది.

"పనిచేసింది లేదక్కా ఈ నెల. బెడిసికొట్టిందే ఉంది."

అందరికీ తెలుసు. పడిపోయింది ఎవరి అత్తగారో కూడా తెలుసు.

"గొంతు దిగదన్నారు. కాయితంలో ఉన్నట్టే నూరి ఇచ్చాను. ఆ మాత్ర నూరకూడదని నాకు తెలీదు." సంచీలోంచి లామినేషన్ చేసిన కాగితం తీసింది. మూలల్లో గోడరంగు పెచ్చులు అంటుకుని ఉన్నాయి. "మా వంటగదిలో మందులబల్ల పైన గోడకి అంటించి ఉండేది. ఇదే."

అది చేతుల మీదుగా పెద్ద సిస్టర్ దాకా వచ్చింది. తన రాతే. 'మింగలేనివారికి మాత్రలు ఇచ్చే పద్ధతి.' ఐదు మెట్లు, గుండ్రటి అక్షరాలు. చివర కుడిపక్కన చిన్న బాణం.

తిప్పి చూసింది. వెనక తెల్లగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం కూడా సరికాదు, ఎన్నడూ మరిచిపోని దాని మీద గుడ్డ తొలిగింది. జిరాక్సు మిషను దగ్గర తనే నిలబడింది. ముందు వైపు నలభై కాపీలు తీసింది. కాగితాలు తిప్పి వెనక వైపు పెట్టబోతుంటే తొమ్మిదో గదిలోంచి గంట మోగింది. పరిగెత్తింది. తిరిగొచ్చి కట్ట కట్టి, మీటింగులో తలా ఐదారు పంచేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

గుండె జారాలి నిజానికి. జారలేదు. చేతిలో కాగితం చల్లగా ఉందని మాత్రం తెలిసింది.

"కాయితం మీద తప్పేముందమ్మా?" అన్నాడు మీసాలాయన. "మా దగ్గరా ఉంది. ఏడాదిన్నరగా వాడుతున్నాం. చేసేవాళ్లకి ఆమాత్రం తెలివుండాలి."

"అవును. పెద్ద సిస్టర్ మంచికే కదా రాసింది," అంది వ్యాయామం మేడమ్. "ఆవిడింట్లోనే ఇలా జరగడం చూడు, ఎంత అన్యాయమో."

ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు. ఎవరు చేశారో తేల్చేసుకున్నారు. నియమం పెట్టిన మనిషి నోరు మూసుకుని కూర్చుంది.

"అక్క తప్పేం లేదు," అంది పిచ్చుక. "నేనెవర్నీ అనడం లేదు. సోమవారం ఫిర్యాదొస్తే నన్ను తీసేస్తారంట. ఇంకే హోములోనూ తీసుకోరంట. సరే, అది నా రాత. ఒక్కటే అడుగుతానక్కా." ఆమె కళ్లెత్తింది. "ఆ చివర బాణం గుర్తుంది కదా. అది దేనికి?"

"అదా," అన్నాడు మీసాలాయన. "మా దగ్గర ఆ పక్కనే సింకుంటుంది. చేతులు కడుక్కోమని గుర్తేమో అనుకున్నాం. అందరం కడుక్కునేవాళ్లం కూడా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పిచ్చుక మాత్రం పెద్ద సిస్టర్‌నే చూస్తోంది. నిదానంగా చూస్తోంది. గద్దింపు లేదు, బతిమాలడం లేదు.

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నాలుక మీదికి వచ్చింది కూడా.

"ఏమో. పొరపాటున గీసి ఉంటాను," అంది పెద్ద సిస్టర్.

పిచ్చుక తలూపింది. కూర్చుంది.

"ఈ కాయితం ఇవాళే అన్నిచోట్లా తీసేయండి," అంది పెద్ద సిస్టర్, ఎప్పటిలా పనిగొంతుతో. "ఫోన్లు చేసి చెప్పండి, రేపటిదాకా ఆగొద్దు. మందుల దుకాణం వాళ్లని అడక్కుండా ఏ మాత్రా పొడి చెయ్యొద్దు. సరైనది నేను రాసిస్తాను."

అందరూ రాసుకున్నారు. మీసాలాయన అప్పటికప్పుడే ఫోను తీశాడు. జాగ్రత్త ఎంత బాగా చెప్పిందో, మిగతాది అంత బాగా మింగేసింది. దానికి నూరడం కూడా అక్కర్లేకపోయింది.

*

ఇంటికొచ్చేసరికి ఆరైంది. భర్త కవరు కొనడానికి వెళ్లాడు. ఆడపడుచు లోపల గదిలో నడుం వాల్చింది.

పెద్ద సిస్టర్ చెప్పులైనా విప్పకుండా బీరువా అడుగు సొరుగు లాగింది. పాత ఫైలు. అందులో అసలు కాగితం. ముందు ఐదు మెట్లు, బాణం. వెనక ఎర్ర సిరాతో 'ఇవి ఎట్టి పరిస్థితుల్లోనూ పొడి చేయకూడదు.' ఏడు మాత్రలు. మూడోది అత్తగారి మాత్ర.

దాన్ని చించేస్తే ఇక లోకంలో ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిందని ఆమె ఒప్పుకుంది, తనలో తనే. పట్టుకుని అలాగే మంచం పక్క స్టూలు మీద కూర్చుంది.

అత్తగారు కట్టులేని చెయ్యి చాచింది. కాగితం లాక్కున్నట్టే తీసుకుంది. చదివింది. తిప్పింది. బొటనవేలి గోరు ఒక్కో వరస కిందా జరిపింది, పాత అలవాటు. మూడో వరస దగ్గర గోరు ఆగింది.

"ఇదా వెనకాల ఉంది," అంది.

పదిరోజులు వాడని గొంతు. బొంగురుగా ఉంది.

"అత్తయ్యా!"

"మెల్లగా. అది లేస్తుంది." లోపల గదివైపు చూసింది. "నీ రాత నాకు తెలీదా? గోడ మీద చూసిన మొదటిరోజే పట్టుకున్నాను. చివర బాణముంది. బాణముందంటే పేజీ అక్కడితో అయిపోలేదని కదా. ముప్పై ఏళ్లు నా పనే అది."

"మరి ఎవరికైనా చెప్పకపోయారా?"

"చెప్పానే. ఆ పొద్దున నూరబోతుంటే ఆ పిల్లకే చెప్పాను. వెనకాల ఇంకేదో ఉండుంటుంది, మీ అక్కని అడగవే అన్నాను. నా ఎదురుగానే నీకు ఫోను చేసింది."

పెద్ద సిస్టర్ గడియారం వైపు చూసింది. ఎందుకు చూసిందో ఆమెకే తెలీదు.

"నేను కూడా వింటానని స్పీకరు పెట్టింది పిచ్చిపిల్ల. మాత్రల కాయితం గురించి ఒక మాట అడగాలక్కా అంది. ఇంకా అడగనేలేదు." అత్తగారు ఊపిరి తీసుకుంది. "నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. ఒక చేత్తో ఎవరినో పక్కకి తిప్పుతోంది, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఉంది. కాయితంలో ఎలా ఉంటే అలా చెయ్యి, అంది. నాకిప్పుడు టైము లేదు, అంది. పెట్టేసింది. రోజుకి పది ఫోన్లలో అదొకటి.

అంటే మూడింటికి, ఆ గదిలో, పిచ్చుకకి బాణం దేనికో తెలుసు. తెలిసే అడిగింది. ఫోను సంగతి పన్నెండుమంది ముందు బయటపెట్టి బతికి బయటపడొచ్చు. అలా చేయకుండా, అక్కే చెప్పుకుంటుందని దారి వదిలింది. అక్క పొరపాటున గీశానంది.

"పదిరోజులు ఎందుకు మాట్లాడలేదత్తయ్యా?"

"మాట్లాడితే ముందు ఏం జరిగిందనే అడుగుతారు. చెప్తే ఈ ఇంట్లో నువ్వెలా తిరుగుతావు? చెప్పకపోతే ఆ పిల్ల ఎలా బతుకుతుంది? ఎటూ తేల్చుకోలేక నోరు మూసుకున్నాను." కాగితం కోడలి ఒళ్లో పెట్టింది. "కోపం లేదనుకోకు. చాలా ఉంది. కానీ చెయ్యి నెప్పి దానికన్నా ఎక్కువుంది. ఇంక నావల్ల కాదు."

వీధి తలుపు చప్పుడైంది. భర్త లోపలికి వస్తూనే ఆగిపోయాడు.

"అమ్మ గొంతులా వినిపించింది!"

లోపల్నించి ఆడపడుచు జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "మాట్లాడిందా? ఏమందీ? అమ్మా! ఇటు చూడు, నేనే!"

అత్తగారు కళ్లు మూసుకుంది. పెదవులు మళ్లీ బిగుసుకున్నాయి.

"నీతో ఏమంది?" అన్నాడు భర్త. ఆయన మొహం పదిరోజుల తర్వాత వెలిగింది. చూస్తే జాలేస్తుంది. "ఆ పిల్ల పేరు చెప్పిందా? అయితే అది కూడా రాసేద్దాం. ఇదిగో, ముందు సంతకం పెట్టు, కవరు తెచ్చాను."

ఉత్తరం ఆమె ఒళ్లో పాత కాగితం మీదే పెట్టాడు. రెండు పేరాలు, 'ఘోరమైన' కింద గీత, అడుగున ఆయన సంతకం, దాని పక్కన 'సాక్షి' అని రాసి ఖాళీ.

పెద్ద సిస్టర్ కలం అందుకుంది. ఎన్ని వందల సంతకాలు పెట్టిన చెయ్యో. మందుల చీటీల మీద, డ్యూటీ పుస్తకాల మీద, కళ్లు మూసుకుని పెట్టగలదు. ఇప్పుడు వేళ్ల చివర ఏదో చురుక్కుమంది. మళ్లీ చురుక్కుమంది. ఒక్కసారిగా భయం వేసింది, ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు.

'సాక్షి' అన్న చోట చిన్న బాణం గీసింది.

"అదేంటి?" అన్నాడు భర్త. "సంతకం పెట్టమంటే ఏంటా గీతలు?"

ఆమె ఉత్తరాన్ని తిప్పింది. వెనక తెల్లగా ఉంది. ఒళ్లో సర్దుకుని, కలం పైన పెట్టింది.

ఆడపడుచు భుజం మీదుగా వంగి చూసింది.

"వెనకాలేం రాస్తావమ్మాయ్?"